పొట్టకు దెబ్బ తగిలాక ధమని మీద బుడగ: కాయిల్, స్టెంట్, ఆపరేషన్, ఎదురుచూపు – ఏది ఎప్పుడు?

యాక్సిడెంట్ జరిగి మూడు నాలుగు రోజులవుతుంది. మనిషి లేచి కూర్చుని ఇడ్లీ తింటుంటాడు. అప్పుడు డాక్టర్ వచ్చి, "రిపీట్ స్కాన్‌లో స్ప్లీన్ (ప్లీహం) ధమని దగ్గర సూడో అన్యూరిజం కనిపించింది, ఎంబొలైజేషన్ (ధమనిని లోపలినుంచి కాయిల్ లాంటివాటితో మూసేయడం) చేయాలి" అంటారు. బీపీ బాగుంది, నొప్పి తగ్గింది, రేపో ఎల్లుండో డిశ్చార్జ్ అనుకుంటున్న ఇంట్లోవాళ్ళకు మళ్ళీ టెన్షన్ మొదలవుతుంది. ఆపరేషన్ చేయించేస్తే పీడ పోతుందని ఒకరంటారు. చిన్నదే కదా, మందులకు తగ్గుతుందేమో చూద్దామని ఇంకొకరంటారు. గుండెకు వేసినట్టు స్టెంట్ వేయొచ్చు కదా అని ఫోన్లో ఎవరో చెబుతారు. సంతకం మాత్రం గంట రెండు గంటల్లో పెట్టాలి.

ఆ గంటలో ఏం ఆలోచించాలో, డాక్టర్‌ను ఏం అడగాలో తెలిసి ఉండాలని ఇది రాస్తున్నాను. ఈ నాలుగు దారుల్లో ఏది మంచిదని అడిగితే అందరికీ సరిపోయే జవాబు లేదు. కానీ జవాబు దేని మీద ఆధారపడుతుందో మాత్రం స్పష్టంగా చెప్పొచ్చు. మొదట చూడాల్సింది బీపీ, నాడి నిలకడగా ఉన్నాయా లేదా. తర్వాత, దెబ్బతిన్నది ఏ ధమని, దాన్ని మూసేస్తే వెనక ఉన్న అవయవం బతుకుతుందా. బుడగ ఎన్ని మిల్లీమీటర్లు అన్నది వీటి తర్వాతే. చాలా కుటుంబాలు సరిగ్గా దీన్నే తలకిందులు చేసి, సైజు దగ్గర మొదలుపెడతాయి.

సైజు లెక్క ఇక్కడ ఎందుకు పనిచేయదు

ధమని గోడకు మూడు పొరలు ఉంటాయి. వయసుతోనో, రక్తపోటుతోనో, గోడ బలహీనపడో మూడు పొరలూ కలిసి మెల్లగా ఉబ్బితే అది అసలైన అన్యూరిజం. దెబ్బ తగిలాక వచ్చేది దాదాపు ఎప్పుడూ అది కాదు. దెబ్బకు గోడ చిరుగుతుంది, రక్తం బయటికి వస్తుంది, చుట్టూ ఉన్న కణజాలం, గడ్డకట్టిన రక్తం కలిసి దాన్ని అక్కడే ఆపుతాయి. చెరువు కట్టకు గండి పడ్డాక, బయట పేరుకున్న బురదే తాత్కాలికంగా నీటిని నిలిపినట్టు ఉంటుంది పరిస్థితి. లోపల రక్తం ఇంకా సుడి తిరుగుతూనే ఉంటుంది. దీన్నే సూడో అన్యూరిజం అంటారు.

ఈ తేడా తెలియకపోతే ఇంటర్నెట్‌లో చదివిన సమాచారమే ప్రమాదంలో పడేస్తుంది. అమెరికా వాస్క్యులర్ సర్జన్ల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, లక్షణాలు లేని స్ప్లీన్ ధమని అసలు అన్యూరిజం 3 సెంటీమీటర్ల లోపు ఉంటే చాలామందిలో గమనిస్తూ ఉండొచ్చని ఉంది. కాలేయ ధమనికి ఆ హద్దు 2 సెంటీమీటర్లు. ఇది చదివినవారు "మావాడిది 8 మిల్లీమీటర్లే, ఇంకేం భయం" అనుకుంటారు. అవే మార్గదర్శకాలు సూడో అన్యూరిజం దగ్గరికి వచ్చేసరికి, సైజుతో పని లేకుండా చికిత్స చేయాలంటాయి. కారణం పైన చెప్పిందే. నిజమైన గోడ లేనిదానికి ఎంత ఉబ్బితే పగులుతుంది అన్న లెక్క ఉండదు.

బండి హ్యాండిల్ పొట్టలో గుచ్చుకోవడం, పిల్లలు సైకిల్ మీద నుంచి పడటం, ట్రాక్టర్ బోల్తా, తాటిచెట్టు మీద నుంచి పడటం, కత్తిపోటు – మన దగ్గర ఎక్కువగా ఇలాంటి దెబ్బల తర్వాత ఇది బయటపడుతుంది. హాస్పిటల్లో జరిగే గాయాలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. పిత్తాశయం లాప్రోస్కోపీ ఆపరేషన్ తర్వాత కుడి కాలేయ ధమని మీద, వీపు నుంచి రంధ్రం చేసి కిడ్నీ రాళ్ళు తీశాక కిడ్నీ ధమని కొమ్మ మీద, కాలేయం లేదా కిడ్నీ బయాప్సీ తర్వాత కూడా ఇలాంటి బుడగ రావచ్చు. "మాకు యాక్సిడెంట్ కాలేదు కదా" అని తోసిపుచ్చకూడదు.

గ్రేడ్ మారిందంటే పొరపాటు జరిగిందని కాదు

మొదటి రోజు స్ప్లీన్ చీలిక గ్రేడ్ 2 అన్నారు, ఇప్పుడు గ్రేడ్ 4 అంటున్నారు, మొదట సరిగా చూడలేదా అని కొందరు గొడవపడతారు. అమెరికా ట్రామా సర్జన్ల సంఘం తమ గాయాల కొలమానాన్ని 2018లో సవరించినప్పుడు, సూడో అన్యూరిజం లాంటి రక్తనాళ గాయం కనబడితే స్ప్లీన్ గాయాన్ని నేరుగా గ్రేడ్ 4గా లెక్కించాలని మార్చింది. కాలేయం, కిడ్నీలో అలాంటి గాయం ఆ అవయవం హద్దులోనే ఆగి ఉంటే గ్రేడ్ 3. పైగా బుడగ మొదటి రోజే ఉండాలని లేదు. చుట్టూ గడ్డకట్టిన రక్తం కరగడం మొదలయ్యాక, రెండు మూడు రోజులకో, వారం రెండు వారాలకో బయటపడొచ్చు. అందుకే గ్రేడ్ 3, ఆపై స్ప్లీన్ గాయాలున్నవారికి చాలా ట్రామా సెంటర్లలో 48 నుంచి 72 గంటల మధ్య మళ్ళీ స్కాన్ చేస్తారు. ఆ రెండో స్కాన్ డబ్బు కోసం చేయిస్తున్నారని అనుమానపడి వద్దన్న కుటుంబాలు ఉన్నాయి. నేనైతే ఖర్చు తగ్గించుకోవడానికి ఇంకేదైనా వెతుకుతాను కానీ ఆ స్కాన్ మాత్రం మానను.

ఏ స్కాన్ అన్నదీ ముఖ్యమే. డాప్లర్ అల్ట్రాసౌండ్ చవక, రేడియేషన్ ఉండదు, మంచం దగ్గరే చేయొచ్చు. బుడగలో రక్తం సుడి తిరగడం రంగుల్లో కనిపిస్తుంది కూడా. కానీ పొట్టలో గ్యాస్ ఉంటే, మనిషి లావుగా ఉంటే, చూసే చేతికి అనుభవం తక్కువైతే తప్పిపోతుంది. డాప్లర్‌లో కనిపించలేదంటే లేదని కాదు. పెద్దవాళ్ళలో నిర్ణయం తీసుకోవాల్సింది కాంట్రాస్ట్ (రక్తనాళాలు స్పష్టంగా కనబడేలా ఎక్కించే మందు) ఇచ్చి చేసే సీటీ యాంజియోతోనే. అందులోనూ ధమనులు వెలిగే దశ, తర్వాత సిరలు వెలిగే దశ రెండూ తీయాలి. రెండో దశలో మచ్చ అదే ఆకారంలో ఉండిపోతే సూడో అన్యూరిజం. పెరిగి, పాకితే రక్తం ఇంకా బయటికి కారుతోందని అర్థం, అప్పుడు తొందర ఇంకా ఎక్కువ. ఒకే దశలో తీసిన మామూలు సీటీ చూసి "ఏమీ లేదు" అన్న రిపోర్టు చేతిలో ఉంటే, ధమని దశ తీశారా అని అడగండి.

కిడ్నీ జబ్బు ఉన్నవారు, మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ పేషెంట్లు ఆ సంగతి స్కాన్‌కు ముందే చెప్పాలి.

మొదటి ప్రశ్న: ఓపెన్ ఆపరేషనా, క్యాథ్ ల్యాబా

సెలైన్, రక్తం ఎక్కిస్తున్నా బీపీ పడిపోతూనే ఉంటే, పొట్ట ఉబ్బుతుంటే, మనిషి పాలిపోయి చెమటలు పడుతుంటే అక్కడ పోలికలకు చోటు లేదు. ఓపెన్ ఆపరేషనే దారి. పొట్ట తెరిచి రక్తాన్ని ఆపుతారు. స్ప్లీన్ అయితే చాలాసార్లు తీసేస్తారు, కాలేయం అయితే గుడ్డలు కుక్కి అదిమిపెట్టి, 24 నుంచి 72 గంటల తర్వాత మళ్ళీ తెరిచి తీస్తారు. ఆ సమయంలో "కాయిల్ వేయొచ్చు కదా, కోత లేకుండా అయిపోతుంది" అని వాదిస్తూ నిమిషాలు పోగొట్టుకోవద్దు. కడుపులో పేగు కూడా తెగిందన్న అనుమానం ఉన్నా ఆపరేషన్ తప్పదు. క్యాథెటర్ (క్యాథ్ ల్యాబ్ అనే గదిలో రక్తనాళంలోకి పంపే సన్నటి గొట్టం) పేగును కుట్టలేదు.

బీపీ నిలకడగా ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. దెబ్బతిన్న మెత్తటి కణజాలంలో, గడ్డకట్టిన రక్తం మధ్య చేయి పెట్టి చిన్న ధమని కొమ్మను వెతకడం సర్జన్‌కు చాలా కష్టం. గడ్డను కదిలించగానే ఆగి ఉన్న రక్తస్రావం మళ్ళీ మొదలవ్వచ్చు. క్యాథెటర్ అదే చోటికి రక్తనాళం లోపలినుంచే వెళుతుంది. అందుకే నిలకడగా ఉన్న పెద్దవారికి ఎంబొలైజేషన్‌ను మొదటి ఎంపికగా చూడాలి, ఆపరేషన్‌ను అది కుదరనప్పటి ఎంపికగా ఉంచుకోవాలి. "ఆపరేషన్ అయితే పక్కా, కాయిల్ అయితే తాత్కాలికం" అన్న మాట నేను చాలాచోట్ల విన్నాను, దాంతో ఏకీభవించను. సరిగ్గా మూసిన ధమని శాశ్వతంగానే మూసుకుంటుంది.

ఎదురుచూపు: పిల్లలకు ఒక మాట, పెద్దలకు ఒక మాట

పిల్లల్లో, ముఖ్యంగా స్ప్లీన్ మీద వచ్చే చిన్న సూడో అన్యూరిజాలు చాలావరకు తమంతట తామే గడ్డకట్టి మాయమవుతాయి. పిల్లాడు బాగా ఆడుకుంటున్నాడు, నాడి మామూలుగా ఉంది, హిమోగ్లోబిన్ పడటం లేదంటే, చిన్నపిల్లల సర్జన్ డాప్లర్‌తో గమనిస్తూ ఆగుదామంటే అది నిర్లక్ష్యం కాదు, మంచి నిర్ణయమే. పిల్లలకు రేడియేషన్ కూడా తగ్గుతుంది.

పెద్దవాళ్ళలో ఇదే ధైర్యం చేయడానికి నేను ఒప్పుకోను. చాలా చిన్నవి కొన్ని వాటంతట అవే మూసుకునే మాట నిజమే. అయితే మూసుకునేది ఏదో, పగిలేది ఏదో ముందుగా చెప్పే నమ్మకమైన గుర్తు లేదు. రోగికి ఇతర జబ్బులు తీవ్రంగా ఉండి కాంట్రాస్ట్ కూడా ఇవ్వలేని స్థితి ఉంటే డాక్టర్లు ఆగమనొచ్చు. అలా ఆగడమంటే హాస్పిటల్లో, మానిటర్ మీద, రోజూ హిమోగ్లోబిన్ చూస్తూ, మళ్ళీ స్కాన్ తేదీ నిర్ణయించుకుని, రాత్రి రెండింటికైనా తెరిచే క్యాథ్ ల్యాబ్ ఉన్నచోట ఆగడం. ఊరికి వెళ్ళి, నొప్పి వస్తే ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుంటూ ఉండటాన్ని ఎదురుచూపు అనరు.

బుడగ ఇంకా రాకముందే, పెద్ద స్ప్లీన్ గాయం చూసి ముందుజాగ్రత్తగా ఎంబొలైజ్ చేయాలా, గమనిస్తే సరిపోతుందా అన్నది ఇంకో ప్రశ్న. దీని మీద ఫ్రాన్స్‌లో స్ప్లాష్ పేరుతో ఒక ట్రయల్ జరిగింది, ఫలితాలు 2020లో వచ్చాయి. ప్రమాదం ఎక్కువున్నా బీపీ నిలకడగా ఉన్నవారిని రెండు గుంపులు చేశారు. నెల తర్వాత చూస్తే, ముందే ఎంబొలైజేషన్ చేసినవారిలో 98 శాతం మందికి, గమనిస్తూ ఉంచినవారిలో 93 శాతం మందికి స్ప్లీన్ దక్కింది. గణాంకాల ప్రకారం ఆ తేడా పెద్దగా లెక్కకు రాదు. అయితే గమనిస్తూ ఉంచిన గుంపులో ప్రతి 10 మందిలో దాదాపు ముగ్గురికి తర్వాత ఎంబొలైజేషన్ చేయాల్సే వచ్చింది. గమనించడం అంత బాగా పనిచేసిందంటే, సమస్య కనబడగానే చికిత్స చేయగలిగే చోట వాళ్ళున్నారు కాబట్టే. జిల్లా కేంద్రంలో క్యాథ్ ల్యాబ్ లేని హాస్పిటల్లో ఉండి, "ఫ్రాన్స్‌లో గమనిస్తే సరిపోయిందట" అనుకోవడానికి వీల్లేదు.

కాయిల్, జిగురు, ప్లగ్: లోపల ఏం చేస్తారు

గజ్జల దగ్గర లేదా మణికట్టు దగ్గర చర్మానికి మత్తు ఇచ్చి, ధమనిలోకి సన్నటి గొట్టం పంపి, ఎక్స్‌రే చూస్తూ గాయం దాకా వెళతారు. చాలామందికి పూర్తి మత్తు అవసరం ఉండదు. మూయడానికి వాడే వస్తువును ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టే ఎంచుకుంటారు, అయినా తేడా తెలిస్తే మాట అర్థమవుతుంది. కాయిల్ అంటే సన్నటి లోహపు తీగ చుట్ట, ఎక్కువగా ప్లాటినం. అది ధమనిలో చుట్టుకుని, దాని చుట్టూ రక్తం గడ్డకట్టి దారి మూసుకుంటుంది. అంటే పని పూర్తయ్యేది రోగి రక్తం గడ్డకట్టే శక్తితోనే. ఎక్కువ రక్తం పోయి గడ్డకట్టే గుణం తగ్గినవారిలో, లేదా గొట్టం చేరలేనంత సన్నటి కొమ్మల్లో జిగురు మేలు. సైనోఅక్రిలేట్ అనే ఆ జిగురు రక్తం తగలగానే గట్టిపడుతుంది. కానీ అది వెళ్ళకూడని చోటికి వెళితే వెనక్కి తీయలేం, చేయి తిరిగినవారే వాడాలి. పెద్ద ధమనిలో రక్తం వేగంగా పారుతుంటే కాయిల్ కొట్టుకుపోతుందన్న భయంతో జాలీలాంటి ప్లగ్ పెడతారు. జెల్‌ఫోమ్ అనే స్పాంజి కొన్ని వారాల్లో కరిగిపోతుంది. సూడో అన్యూరిజానికి అదొక్కటే వాడి వదిలేస్తామంటే, ఎందుకని అడగడం తప్పు కాదు.

గాయానికి ముందువైపు మాత్రమే మూసి వచ్చేస్తే కొన్ని ధమనుల్లో పని సగమే అవుతుంది. పొట్టలోని ధమనులు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. వెనకవైపు నుంచి రక్తం తిరిగి వచ్చి బుడగను మళ్ళీ నింపుతుంది. అందుకే బుడగను దాటి అవతలివైపు మొదలుపెట్టి ఇవతలిదాకా మూస్తారు.

ఏ ధమని అన్నదే అసలు నిర్ణయం

స్ప్లీన్. ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. మొదటిది, ప్రధాన ధమనిని స్ప్లీన్‌కు కొంత దూరంలోనే మూయడం. స్ప్లీన్‌లోకి వెళ్ళే ఒత్తిడి తగ్గి గాయం మానుతుంది, జీర్ణాశయం పక్కనుంచి వచ్చే చిన్న ధమనులు స్ప్లీన్‌ను బతికిస్తాయి. గాయాలు చాలాచోట్ల ఉన్నప్పుడు, సమయం తక్కువ ఉన్నప్పుడు ఇది బాగుంటుంది. రెండోది, సన్న గొట్టంతో సరిగ్గా బుడగ ఉన్న కొమ్మలోకే వెళ్ళి మూయడం. బుడగ ఒక్కటే ఉంటే గురి నేరుగా దాని మీదే ఉంటుంది, కానీ ఆ కొమ్మ మీద ఆధారపడ్డ ముక్క చచ్చుబడుతుంది, కొన్నిసార్లు అక్కడ చీము పట్టొచ్చు. స్పష్టంగా ఒకే బుడగ కనిపిస్తే రెండోదాని వైపు, స్ప్లీన్ అంతా చితికి ఉంటే మొదటిదాని వైపు మొగ్గడం సబబు. కొందరికి రెండూ కలిపి చేస్తారు.

స్ప్లీన్ తీసేస్తే సరిపోతుందిగా, అది లేకపోయినా బతుకుతారుగా అనేవారికి ఒక విషయం చెప్పాలి. బతుకుతారు. కానీ న్యూమోకాకస్ లాంటి కొన్ని సూక్ష్మజీవుల మీద పోరాటంలో స్ప్లీన్ పెద్ద దన్ను. అది లేనివారికి వచ్చే తీవ్రమైన ఇన్ఫెక్షన్ కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది, ఆ ముప్పు జీవితాంతం ఉంటుంది. 1952లో స్ప్లీన్ తీసిన పసిపిల్లల్లో ఇలాంటి ఇన్ఫెక్షన్లు గమనించి రాసినప్పటినుంచే సర్జన్లు వీలైనంతవరకు దాన్ని కాపాడాలని చూస్తున్నారు. అవసరం వచ్చినప్పుడు తీయాల్సిందే. అవసరం లేనప్పుడు "పీడ పోతుంది" అని తీయించుకోవడం మాత్రం ఒక ప్రమాదాన్ని వదిలించుకుని ఇంకోదాన్ని ఇంటికి తెచ్చుకోవడమే.

కాలేయం. దీనికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. సుమారు నాలుగింట మూడు వంతులు పేగుల నుంచి రక్తం తెచ్చే పోర్టల్ సిర నుంచి, మిగతాది ధమని నుంచి. అందువల్ల ధమని కొమ్మను మూసినా కాలేయం సాధారణంగా తట్టుకుంటుంది. ఎంబొలైజేషన్ ఇక్కడ చాలా బాగా సరిపోవడానికి కారణం ఇదే. కానీ పోర్టల్ సిర గడ్డకట్టి మూసుకుపోయి ఉంటే లెక్క తప్పుతుంది, ధమనిని మూయడం కాలేయాన్నే దెబ్బతీయొచ్చు. పిత్తనాళాలకు రక్తం ఇచ్చేది ధమని మాత్రమే, పిత్తాశయానికీ అంతే. కాబట్టి ఎంత దూరం లోపలికి వెళ్ళి, ఎంత చిన్న కొమ్మను మూస్తున్నారన్నది ముఖ్యం. "పోర్టల్ సిర తెరిచి ఉందా?" అన్న ఒక్క ప్రశ్న ఇక్కడ అడిగి తీరాలి.

కాలేయంలోని బుడగకు ఒక మోసపుచ్చే గుణం ఉంది. అది పొట్టలోకి కాకుండా పిత్తనాళంలోకి పగలొచ్చు. అప్పుడు రక్తం పేగులోకి దిగుతుంది. కుడి పక్కటెముకల కింద నొప్పి, కళ్ళు పచ్చబడటం, నల్లటి విరేచనం లేదా రక్తపు వాంతి – ఈ మూడింటినీ కలిపి జర్మన్ వైద్యుడు క్విన్కె 1871లో వర్ణించాడు. కత్తిపోటు తర్వాత ఇలా జరిగిన సంగతిని అంతకు రెండు వందల ఏళ్ళ ముందే, 1654లో ఇంగ్లాండ్ వైద్యుడు గ్లిసన్ రాశాడు. మూడు లక్షణాలూ కలిసి రావడం అరుదు. అందుకే యాక్సిడెంట్ అయిన మూడు వారాలకు నల్లగా విరేచనం అయితే అల్సర్ మందు రాసి పంపేయడం జరుగుతుంటుంది. డాక్టర్ అడగకపోయినా "నెల క్రితం పొట్టకు దెబ్బ తగిలింది" లేదా "పిత్తాశయం ఆపరేషన్ అయింది" అని చెప్పండి. ఆ ఒక్క వాక్యం ఎండోస్కోపీ గది నుంచి సీటీ గదికి దారి చూపిస్తుంది.

కిడ్నీ. కిడ్నీ లోపలి ధమని కొమ్మలకు ప్రత్యామ్నాయ దారులు లేవు. ఏ కొమ్మ మూస్తే ఆ ముక్క పోతుంది. అయినా ఎంబొలైజేషనే మేలు, ఎందుకంటే వీలైనంత చివరి కొమ్మలోకి వెళితే పోయే ముక్క చిన్నదే. రక్తం ఆపలేక ఓపెన్ ఆపరేషన్‌కు వెళితే చాలాసార్లు కిడ్నీ మొత్తం తీయాల్సి వస్తుంది. దెబ్బ తగిలిన వారం పది రోజులకో, రాళ్ళ ఆపరేషన్ తర్వాతో మూత్రంలో మళ్ళీ ఎర్రగా రక్తం, గడ్డలు కనిపిస్తే నీళ్ళు ఎక్కువ తాగి చూద్దామని ఆగకండి.

గ్యాస్ట్రోడ్యుయోడినల్ ధమని. కాలేయ ధమని నుంచి పుట్టి చిన్నపేగు మొదలు, క్లోమం వైపు వెళుతుంది. రెండు వైపుల నుంచీ రక్తం అందుతుంది కాబట్టి మూసినా అవయవాలు తట్టుకుంటాయి. అందుకే రెండు వైపులా మూయాలి కూడా.

సుపీరియర్ మెసెంటెరిక్ ధమని. చిన్నపేగుకు ప్రాణాధారం ఇదే. దీని ప్రధాన కాండాన్ని మూస్తే పేగు కుళ్ళిపోతుంది. బృహద్ధమని సంగతీ అంతే, కారులో నడుముకు మాత్రమే కట్టే బెల్టు ఒత్తిడికి అరుదుగా అది కూడా దెబ్బతింటుంది. ఇలాంటి చోట్ల కాయిల్ గురించి కాకుండా స్టెంట్ గురించి, లేదా బైపాస్ లాంటి ఓపెన్ ఆపరేషన్ గురించి మాట్లాడాలి.

స్టెంట్ ఎప్పుడు బాగుంటుంది

ఇక్కడ వాడేది బట్టలాంటి పొర ఉన్న స్టెంట్‌గ్రాఫ్ట్. గుండెకు వేసే మామూలు జాలీ స్టెంట్ వేరు. ధమని లోపల గొట్టంలా పరుచుకుని చిరుగును మూసేస్తుంది, రక్తం మాత్రం ముందుకు పారుతూనే ఉంటుంది. అవయవం దక్కుతుంది, ధమని కూడా దక్కుతుంది. కాగితం మీద అన్నిటికన్నా మంచిదనిపించేది ఇదే.

కానీ దానికి ధమని తగినంత వెడల్పుగా, నేరుగా ఉండాలి, చిరుగుకు రెండు వైపులా ఆనడానికి ఆరోగ్యకరమైన గోడ ఉండాలి. స్ప్లీన్ ధమని మెలికలు తిరిగి ఉంటుంది, చిన్న కొమ్మల్లోకి స్టెంట్ పోదు. ఇంకో ఇబ్బంది, స్టెంట్ మూసుకుపోకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలుచన చేసే మందులు వాడాల్సి రావచ్చు. తలకు కూడా గాయమైన మనిషికి, కాలేయం చీలి ఇంకా మానని మనిషికి అవి ఇవ్వడం కష్టమైన నిర్ణయం. కాబట్టి నా లెక్కలో స్టెంట్, మూయడానికి వీల్లేని పెద్ద ధమనులకు మాత్రమే: మెసెంటెరిక్ కాండం, పోర్టల్ సిర మూసుకుపోయినప్పుడు ప్రధాన కాలేయ ధమని, కిడ్నీ ప్రధాన ధమని, బృహద్ధమని. స్ప్లీన్ లోపలి చిన్న బుడగకు స్టెంట్ వేయమని పట్టుబట్టడంలో అర్థం లేదు.

గొట్టం దారిలో చేరలేనప్పుడు, స్కాన్ చూస్తూ చర్మం మీద నుంచి సూదితో బుడగలోకి త్రాంబిన్ ఎక్కించి గడ్డకట్టించే పద్ధతి కూడా ఉంది. మిగతావి కుదరనప్పుడు ఆలోచించేది అది.

ఎక్కడ చేయించాలి, డబ్బు సంగతి ఏమిటి

మొదట చేరిన హాస్పిటల్లో క్యాథ్ ల్యాబ్ ఉంది కాబట్టి ఇది కూడా చేస్తారని అనుకోవద్దు. చాలాచోట్ల ఉండేది గుండె యాంజియోగ్రామ్ చేసే క్యాథ్ ల్యాబ్, కార్డియాలజిస్టులు. మీకు కావాల్సింది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ లేదా ఈ పని క్రమం తప్పకుండా చేసే వాస్క్యులర్ సర్జన్. ఎంబొలైజేషన్ విఫలమైతే వెంటనే పొట్ట తెరవగల సర్జన్, బ్లడ్ బ్యాంక్ కూడా అదే భవనంలో ఉండాలి. "ఇక్కడ రాత్రిపూట కూడా చేస్తారా, పోయిన నెలలో ఇలాంటివి చేశారా?" అని నేరుగా అడగండి. జవాబు తడబడితే, బీపీ నిలకడగా ఉన్నప్పుడే హైదరాబాద్ నిమ్స్ లాంటి పెద్ద సెంటర్‌కు మారడం మంచిది. బీపీ పడ్డాక అంబులెన్స్‌లో నాలుగు గంటల ప్రయాణం చేయించకూడదు. మారేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, సీటీ మొత్తం ఉన్న సీడీ లేదా లింక్ తీసుకోండి. అక్కడి రేడియాలజిస్ట్ ధమనుల దారి ముందే చూసుకుంటే మళ్ళీ కాంట్రాస్ట్ ఇచ్చే అవసరం తప్పొచ్చు.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. మీ చికిత్స ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో, కాయిల్స్ ఖర్చు అందులో కలుస్తుందో విడిగా కట్టాలో హాస్పిటల్లోని ఆరోగ్యమిత్రతో ముందే మాట్లాడండి. కాయిల్స్ ఎన్ని పడతాయో ముందుగా చెప్పలేరు, బిల్లు పెరిగేది ఎక్కువగా అక్కడే. రోడ్డు ప్రమాదం అయితే 2025 మే నెలలో కేంద్రం తెచ్చిన క్యాష్‌లెస్ పథకం కింద లక్షన్నర రూపాయల వరకు చికిత్స అందుతుంది, కానీ అది ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకే. ఈ బుడగలు కొన్నిసార్లు రెండో వారంలో కూడా బయటపడతాయి. అందుకే ఆ ఏడు రోజుల్లో డాక్టర్ చెప్పిన రిపీట్ స్కాన్‌ను వాయిదా వేయకపోవడంలో వైద్యపరంగానే కాదు, డబ్బుపరంగానూ లాభం ఉంది.

ఇంటికి వచ్చాక

ఎంబొలైజేషన్ తర్వాత కొన్ని రోజులు కొద్దిపాటి జ్వరం, ఆ వైపు నొప్పి, వికారం ఉండటం మామూలే. చలితో వచ్చే జ్వరం, తగ్గకుండా పెరిగే జ్వరం మామూలు కాదు, చచ్చుబడిన ముక్కలో చీము పట్టి ఉండొచ్చు. హఠాత్తుగా పొట్టనొప్పి, ఎడమ భుజం నొప్పి, కళ్ళు తిరగడం, నల్లటి విరేచనం, ఎర్రటి మూత్రం – వీటిలో ఏది వచ్చినా 108కు ఫోన్ చేయండి, బండి వెనక కూర్చోబెట్టి తీసుకెళ్ళొద్దు. డిశ్చార్జ్ కాగితంలో మళ్ళీ స్కాన్ తేదీ రాసి ఉందో లేదో చూడండి, లేకపోతే రాయించుకోండి. బరువులెత్తడం, పొలం పని, చెట్టెక్కడం, ఆటలు ఎప్పుడు మొదలుపెట్టొచ్చో డాక్టర్ చెప్పాలి. పెద్ద స్ప్లీన్ గాయాలకు ఇది వారాల్లో కాదు, రెండు మూడు నెలల్లో లెక్క. ప్లాటినం కాయిల్స్ ఉన్నా సాధారణంగా ఎంఆర్ఐ చేయించుకోవచ్చు, అయినా ఏ వస్తువు పెట్టారో రాసిన కార్డు జేబులో ఉండాలి.

స్ప్లీన్ తీయాల్సి వచ్చినవారికి మూడు రకాల టీకాలు కావాలి: న్యూమోకాకల్, మెనింగోకాకల్, హిబ్. ఆపరేషన్ తర్వాత రెండు వారాలకు వేయడం మంచిదంటారు, కానీ మళ్ళీ వస్తారో రారో అన్న సందేహం ఉంటే డిశ్చార్జ్‌కు ముందే వేయించేయాలి. ఎంబొలైజేషన్ అయినవారిలో స్ప్లీన్ పని చాలావరకు మిగులుతుంది, టీకాలు అవసరమా అన్నది ఎంత భాగం చచ్చుబడిందో చూసి డాక్టర్ చెబుతారు. స్ప్లీన్ లేదన్న సంగతి ఇంట్లో అందరికీ, పంటి డాక్టర్‌కు, ఊళ్ళో చూసే డాక్టర్‌కు తెలియాలి. కుక్క కరిచినా, జ్వరం 101 దాటినా పారాసెటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూడకూడదు. ముందే రాయించుకున్న యాంటీబయాటిక్ మొదటి డోసు వేసుకుని, అదే గంటలో హాస్పిటల్‌కు బయల్దేరాలి.